రెండు వాటాల మధ్య తలుపు

నేను ఒక తలుపుని. మామిడాకులు కట్టించుకునే వీధి తలుపుని కాను, దొడ్డి తలుపునీ కాను. ఒకే ఇంటిని రెండు వాటాలు చేసి, ఇంటివాళ్ళకీ అద్దెకున్నవాళ్ళకీ మధ్య నిలబెట్టిన తలుపుని. అటువాళ్ళకీ ఇటువాళ్ళకీ కూడా నేను గుమ్మాన్ని కాను గనక నా గడపకి ఎవరూ ఏ పండక్కీ పసుపు రాయలేదు. ఆ కష్టం నాకు ఇప్పటికీ ఉంది, దాచుకోవడం ఎందుకు?

పుట్టుక మాత్రం గొప్పదే. ఏజెన్సీ కొండల్లోంచి తెప్ప కట్టి గోదావరి మీద దించిన టేకు నాది. రాజమండ్రిలో ఒక కలప అడితిలో పడి ఉంటే, పేర్రాజుగారనే ఆయన వచ్చి వేలి కణుపుతో టకటకమని కొట్టి చూసి ఏరుకున్నారు. ఆయన తాలూకాఫీసులో గుమస్తా. పిల్లలు లేరు. ఆయనా, భార్య సోమిదేవమ్మగారూ ఉండటానికి ఒక వాటా, అద్దెకివ్వడానికి ఒక వాటా వేసుకుని ఇల్లు కట్టుకుంటున్నారు. వడ్రంగి వీరభద్రం నన్ను రెండు రెక్కలుగా కోశాడు. ఇంటివాళ్ళ వైపు అడ్డ గడియ, అద్దె వాటా వైపు పైనుంచి కిందికి వాలే ఇనప గొళ్ళెం. రెండూ తీస్తేగాని నేను తెరుచుకోకూడదు. వినడానికి ఎంత న్యాయంగా ఉంది!

"రెండు రెక్కల మధ్యా కాస్త సందు ఉంచు వీరభద్రం" అన్నారు పేర్రాజుగారు.

"సందుంటే అవతలివాళ్ళకి మరుగుండదు కదండీ?"

"అద్దెకొచ్చేవాళ్ళకి గాలుంటే చాల్లే."

ఆ సందు గాలికోసం కాదని ఇల్లు అద్దెకిచ్చిన మొదటి వారంలోనే తెలిసింది. అద్దెవాళ్ళు తాళం వేసుకుని బయటికి వెళ్ళారు. మధ్యాహ్నం భోంచేసి, ముక్కుపొడుం పీల్చి, పేర్రాజుగారు తన గడియ తీశారు. పాత గొడుగులోంచి ఊడదీసిన ఊచ ఒకటి సందులోంచి దూర్చి అవతలి గొళ్ళెం పైకెత్తారు. నన్ను మెల్లిగా తోసుకుని లోపలికి వెళ్ళారు. ఏమీ తీసుకునేవారు కాదు, దొంగ అన్న పేరు ఆయనకి పెట్టలేం. గోడలు తడిమేవారు, ఎక్కడైనా మేకు కొట్టారేమోనని. కుండ మూత తీసి చూసేవారు. ఫాను తిరుగుతుంటే ఆపేవారు. ఒక్కోసారి ఊరికే వాళ్ళ కుర్చీలో కూర్చునేవారు. తిరిగొచ్చేటప్పుడు ఊచ మీద గొళ్ళాన్ని ఎత్తిపట్టి, నన్ను దగ్గరికి లాగి, ఊచ జారవిడిచేవారు. గొళ్ళెం టక్కుమని వాలేది. ఆ టక్కు వినపడగానే వంటింట్లో సోమిదేవమ్మగారి చేతిలో గిన్నె ఆగేది.

అద్దెవాళ్ళు తిరిగొచ్చి నిలబడిపోయేవారు. వేసి వెళ్ళిన కిటికీ తీసి ఉంది, మూసి వెళ్ళిన మూత పక్కన ఉంది, గదిలో ఎవరిదో ముక్కుపొడుం వాసన. ఇంట్లో ఏదో ఉందని గుసగుసలాడుకునేవారు. బూడిద గుమ్మడికాయ కట్టేవారు. నిమ్మకాయలు కోసి మూలల్లో పెట్టేవారు. ఒకాయన భయపడిపోయి సలహాకోసం పేర్రాజుగారి దగ్గరికే వస్తే, ఈయన గంభీరంగా పంచాంగం తిరగేసి శాంతి చేయించుకోమన్నారు. నాకు నోరుంటే ఆ రోజు పగలబడి నవ్వేదాన్ని. బతికున్న మనిషికి భయపడి దయ్యానికి దణ్ణం పెట్టడం మనుషులకే చేతనవుతుంది.

ఆయనకీ ఒక భయం ఉంది. అద్దె వాటాలో ఎవరైనా చచ్చిపోతారేమోనని. మంచి నక్షత్రమైతే సరే. ధనిష్ఠ లాంటిదయితే ఆ చావు జరిగిన ఇల్లు ఆరు నెలలు తాళం వేసి పాడుపెట్టాలి, మనిషి అడుగు పెట్టకూడదు. అందుకని ఒకసారి అద్దెకున్న ఒక ముసలావిడకి ఊపిరి ఎగపోస్తుంటే, పేర్రాజుగారు ఆవిడ కొడుకుని నిలబెట్టి మాట్లాడి, ఆవిణ్ణి రిక్షాలోకి ఎక్కించారు. ఆవిడ గోడ పట్టుకుని వదల్లేదు. వేళ్ళు ఒక్కొక్కటే విడదీశారు. ఆవిడ పోయింది వీధి చివర రోడ్డు పక్కనేనని తరవాత చెప్పుకున్నారు. ఆ పూట సోమిదేవమ్మగారు అన్నం తినలేదు. తన వైపు నా గడప మీద కూర్చుని చాలాసేపు ఏడ్చారు.

కాలం మారింది. నోటిమాట మీద ఇళ్ళివ్వడం కుదరదని, ఏదైనా కాయితం మీద రాసుకోవాల్సిందేనని సర్కారు రూలు పెట్టిందట. పేర్రాజుగారు విసుక్కుంటూనే దస్తావేజులు రాసే అతన్ని ఇంటికి పిలిచి, నా పక్కనే బల్ల వేయించారు. అద్దెకొచ్చినామె ఇందుమతి, బట్టల కొట్లో బిల్లులు రాసే మనిషి, పెళ్ళి కాలేదు. మంచానపడ్డ తండ్రి తాతారావు ఒక్కడే ఆమెకి దిక్కు. ఆయన ఒకప్పుడు గోదావరి మీద లాంచీ నడిపిన సరంగు. పక్షవాతం వచ్చి ఒక పక్క పడిపోయింది. ఆ సంగతి ఆమె దాచలేదు. పేర్రాజుగారు కాదనాల్సింది, కానీ వాటా చాలాకాలంగా ఖాళీగా ఉంది. దయ్యాల కొంప అని పేరు పడింది మరి.

దస్తావేజులతను చదివాడు. పదకొండు నెలల గడువు. నీళ్ళూ కరెంటూ ఇంటివారు ఆపకూడదు. గోడలకి మేకులు కొట్టకూడదు, ఇది పేర్రాజుగారిది. చుట్టాల్ని ఎక్కువకాలం ఉంచుకోకూడదు, ఇదీ ఆయనదే.

"ఇంకోటి రాయండి" అంది ఇందుమతి. "ఇంటివారు ముందురోజు చెప్పకుండా మా వాటాలోకి రాకూడదు. అది చట్టంలోనే ఉందంట కదండీ."

పేర్రాజుగారు చిన్నగా నవ్వారు. "రాసెయ్యవయ్యా, దానికేం" అని సంతకం చేశారు. గొడుగు ఊచ ఆయన కుర్చీ వెనకే గోడకి ఆనించి ఉంది.

"బాబాయిగారూ, ఒక్క మేకు కొట్టుకోనివ్వండి" అని ఆమె ఆఖర్న బతిమాలింది. "మా అమ్మ ఫొటో. నాన్న మంచానికి ఎదురుగా ఉంటే చూసుకుంటాడు."

"ఒక మేకన్నావంటే గోడంతా మేకులే అవుతుందమ్మా. కిటికీలో పెట్టుకో."

కిటికీలో పెట్టింది. మంచం మీంచి అది తాతారావుకి కనపడేది కాదు. తల అటు తిరగదు. కూతురు వచ్చినప్పుడల్లా తీసి చూపించేది, మళ్ళీ పెట్టేది.

తాతారావు రోజురోజుకీ నీరసించాడు. పేర్రాజుగారు ఇందుమతిని వీధి అరుగు దగ్గర ఆపి చెప్పడం నాకు వినపడింది.

"మీ నాన్నని ఎక్కడికైనా మార్చమ్మా. ఇక్కడ ఏదైనా అయితే నా ఇల్లు పాడుపెట్టుకోవాలి."

"ఎక్కడికి మార్చనండీ? డాక్టర్లే ఇంటికి తీసుకుపోమన్నారు. చచ్చిపోకూడదని కాయితంలో లేదు కదా?"

"కాయితంలో రాసేవి కొన్నుంటాయి, రాయకుండా తెలుసుకునేవి కొన్నుంటాయి. ఈ గడువు అవగానే ఖాళీ చేసెయ్యి. ఈలోపు పరిస్థితి ముదిరితే నేనే రిక్షా పిలుస్తాను."

ఆమె లోపలికి వచ్చి తండ్రి పడిపోయిన చెయ్యి పట్టుకుని కూర్చుంది. "నాన్నా, నిన్ను రోడ్డు మీదికి పోనివ్వను" అంది. ఆయన వినపడనట్టే పడుకున్నాడు. ఆ మంచం మీదే, ఆ కప్పు కిందే ఆయన కన్ను మూయాలి. ఆమె కోరిక అంతే. అది కూడా పెద్ద కోరికేనని అద్దె ఇళ్ళలో ఉన్నవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు.

ఒకరోజు పొద్దున్నే పేర్రాజుగారు పంచాంగం చూసి ఉలిక్కిపడ్డారు. "ఇవాళ ధనిష్ఠ సోమిదేవీ. ఇవాళగానీ ఆ సరంగు గుటుక్కుమన్నాడంటే మన పని అయిపోయినట్టే." మధ్యాహ్నం భోజనం కాగానే ఊచ తీసుకున్నారు, మనిషి ఎలా ఉన్నాడో చూద్దామని. ఇందుమతి కొట్టుకి వెళ్ళింది. గొళ్ళెం లేచింది, నేను తెరుచుకున్నాను. తాతారావు కళ్ళు మూసుకుని ఉన్నాడు. పేర్రాజుగారు మంచం దగ్గర వంగి ఊపిరి విన్నారు. తరవాత అలవాటుగా గోడ వెంట వెళ్తూ అరచేత్తో తడిమారు.

"నిలబడే ఉన్నారేంటండీ పేర్రాజుగారూ? కూర్చోండి" అన్నాడు తాతారావు. కళ్ళు ఇంకా మూసే ఉన్నాయి. పక్షవాతం వచ్చిన నోట్లోంచి మాట ముద్దముద్దగా వచ్చింది. "రోజూ వస్తానే ఉన్నారు కదా. మీరు మొహమాటపడతారని ఇలా కళ్ళు మూసుకుంటానండి."

పేర్రాజుగారి మొహంలో నెత్తురు లేదు. ఒక చెయ్యి గుండె మీద వేసుకుని వెనక్కి తిరిగారు. నన్ను పట్టుకున్నారు, పట్టు జారింది, నా గడప దాటుతుండగానే వెల్లకిలా పడ్డారు. తల అద్దె వాటాలో, కాళ్ళు సొంత వాటాలో. ఆయన ఆఖరి ఊపిరి ఎటువైపు పోయిందో తెలిసింది నాకొక్కదానికే. ఇటువైపు పోయింది. అద్దె వాటాలోకి.

సోమిదేవమ్మగారు పరిగెత్తుకొచ్చారు. భర్తని చూశారు, మంచం వైపు చూశారు. తాతారావు కళ్ళు తెరిచి ఆవిడనే చూస్తున్నాడు. నిజం చెప్తే ఈ చావు ఈ వాటాది, తాళం పడేది ఈ వాటాకి, మంచంతో సహా ఆయన వీధిలో ఉంటాడు. ఇద్దరికీ అది అర్థమైంది. ఆవిడ కొంగు నడుముకి దోపుకుని, భర్త రెండు కాళ్ళూ పట్టుకుని తన వాటాలోకి లాక్కున్నారు. ఊచ సాయంతోనే నన్ను మూశారు. ఇంతకాలం చూస్తూనే ఉన్నారు కాబోలు, ఆవిడ చేతికి అది బాగానే వచ్చు. గొళ్ళెం టక్కుమంది. గడియ వేశారు. ఊచ ఎప్పటి చోట గోడకి ఆనించారు. అప్పుడు బిగ్గరగా ఏడ్చారు. ఆ ఏడుపు నిజమైనదే.

కర్మకాండ అంతా అయ్యాక పురోహితుడు నక్షత్రం చూసి నిట్టూర్చాడు. "ఆరు నెలలు పాడుపెట్టాలమ్మా. రెండు వాటాలంటున్నారు, రెండూ ఒక ఇంటి కిందికే వస్తాయా అన్నది చూడాలి."

"అద్దె కాయితంలో వేరే వాటా, వేరే వంటిల్లు, వేరే గుమ్మం అని రాసి ఉందండి" అంది ఇందుమతి.

"సరే, కానీ ఈ మధ్య తలుపు సంగతేమిటి? రాకపోకలుంటే రెండూ ఒకే ఇల్లు. అమ్మా, దీన్ని ఎప్పుడైనా తెరిచేవారా?"

సోమిదేవమ్మగారు తల పైకెత్తారు.

"ఆ తలుపు తెరిచిన పాపాన పోలేదండి" అన్నారు.

తాళం సొంత వాటాకి పడింది. తాళంచెవి పురోహితుడే పట్టుకెళ్ళాడు. ఇంటావిడకి తన ఇంట్లో చోటు లేకపోయింది.

"మా దగ్గరుండండి పిన్నిగారూ" అంది ఇందుమతి.

"కాయితంలో చుట్టాల్ని ఉంచుకోకూడదని ఉందిగా అమ్మాయ్" అన్నారావిడ, ఏడుస్తూనే నవ్వుతూ.

అలా ఇంటావిడ అద్దె వాటాకి వచ్చారు. పగలు కూతురు కొట్టుకి పోతే సరంగుకి గంజి పట్టేది ఆవిడే. నాకు మాత్రం నిశ్చింత లేదు. అటుపక్క ఖాళీ వాటాలో కిటికీలన్నీ మూసి ఉన్నాయి, గాలి కదలదు. అయినా ఒక మధ్యాహ్నం, సరిగ్గా భోజనాలైన వేళకి, అటువైపు ఎవరో ముక్కుపొడుం పీల్చారు. అడుగులు నా దాకా వచ్చాయి. నా అవతలి గడియ మెల్లిగా పక్కకి జరిగింది. సందులోంచి గొడుగు ఊచ ఇవతలికి వచ్చింది.

సోమిదేవమ్మగారు నాకు వీపు ఆనించి, కునుకు తీస్తూ కూర్చుని ఉన్నారు. ఊచ ఆవిడ భుజానికి తగిలింది. ఆవిడ కేక వెయ్యలేదు. లేచి, నా సందుకి మొహం పెట్టి మాట్లాడారు. పెళ్ళయిన దగ్గర్నుంచి ఆయనకి ఎదురు చెప్పడం ఆవిడకి అదే మొదలు.

"చెప్పకుండా రాకూడదండీ. కాయితంలో రాసుకున్నాం. మీరే సంతకం పెట్టారు."

ఊచ కాసేపు కదల్లేదు. తరవాత వెనక్కి పోయింది. గడియ పడింది.

నేను తెరుచుకుంటే ఏమవుతుందో ఆవిడకి తెలుసు. రెండూ ఒక ఇల్లయిపోతాయి, పురోహితుడితో అన్న మాట అబద్ధమని తేలిపోతుంది, మంచం వీధిన పడుతుంది. వడ్రంగిని పిలిచి సందు మూయించే దారి కూడా లేదు. ఎప్పుడూ తెరవని తలుపుకి మరమ్మతు ఎందుకని ఊరు అడుగుతుంది. అందుకని రోజూ మధ్యాహ్నం ఆవిడ వీపే నాకు అడ్డగడియ అయింది. వయసు మీరిన మనిషి వీపు, సన్నగా వెచ్చగా ఉండేది. అటుపక్క నా చెక్క మంచులా చల్లబడేది. రెండిటి మధ్య నిలబడటం ఎలా ఉంటుందో మీకు చెప్పలేను.

ఊచ మళ్ళీ రాలేదు. కొన్నాళ్ళకి మరొకటి మొదలైంది. అడితిలో నన్ను కొట్టి చూసిన ఆ వేలి కణుపే. టక్, టక్. బతికున్నన్నాళ్ళూ తట్టని మనిషి ఇప్పుడు తడుతున్నాడు.

"ఎవరో తలుపు కొడుతున్నారమ్మగారూ, తియ్యండి" అన్నాడు తాతారావు.

"ఇంటివారండి. రేపు రమ్మంటాను" అనేవారు ఆవిడ. సందు దగ్గరికి వచ్చి మెల్లిగా, "సరంగు ఇంకా ఉన్నాడు. ఇప్పుడు కుదరదండీ" అనేవారు. అటుపక్క అడుగులు వెనుదిరిగేవి. మర్నాడు మళ్ళీ తట్టేవారు. నాకు ఒళ్ళు జలదరించేది, కానీ ఆ తట్టడంలో ఏదో బిడియం కూడా వినపడేది. ఆయన మీద జాలి పడతానని ఎన్నడూ అనుకోలేదు.

ఒకనాడు ఉదయం, కూతురు ఇంట్లో ఉండగానే, ఆమె ఒళ్ళో తల పెట్టుకుని తాతారావు పోయాడు. అద్దె వాటాలో, సొంత మంచం మీద. ఎవరూ వేళ్ళు విడదీయలేదు. పురోహితుడు పంచాంగం చూసి దోషం లేదన్నాడు. నడవలో పడుకోబెట్టారు. పాత లాంచీలవాళ్ళు వచ్చి దండలు వేశారు. వీధి గుమ్మంలోంచే, అందరూ చూస్తుండగా తీసుకెళ్ళారు. కొడుకులు లేరు గనక ఇందుమతే నిప్పుకుండ పట్టుకుని ముందు నడిచింది. నాకు సంతోషంగా ఉంది. చావుకి సంతోషమేమిటని మీరనచ్చు, రిక్షా ఎక్కిన ఆ ముసలావిణ్ణి మీరు చూడలేదు.

ఇంట్లో సోమిదేవమ్మగారు ఒక్కరే మిగిలారు. మధ్యాహ్నమైంది. టక్, టక్.

ఆవిడ వచ్చి నా ఎదురుగా నిలబడ్డారు. ఈసారి వీపు ఆనించలేదు. "ఇప్పుడు రండి" అని గొళ్ళెం తనే ఎత్తారు. అవతల గడియ జరిగింది. నేను తెరుచుకున్నాను. చీకటి, దుమ్ము వాసన, ముక్కుపొడుం. ఇవతలికి ఎవరూ రాలేదు. మంచం దగ్గర్నుంచి, సరంగుకి రోజూ రాసే నొప్పుల తైలం వాసన లేచింది. అడుగుల చప్పుడు మొదలైంది. లాంచీ మీద నిలదొక్కుకునే మనిషిలా కాళ్ళు ఎడంగా వేసే నడక, రెండు కాళ్ళదీ. కిటికీ దగ్గర ఒక్క క్షణం ఆగింది. తరవాత నా గడప దాటి అటు వెళ్ళింది. తాతారావు నడక నేను వినడం అదే మొదటిసారి.

సోమిదేవమ్మగారు నన్ను దగ్గరికి వేశారు. అటుపక్క పేర్రాజుగారి గొంతు లోతుగా, అలవాటైన వరసలో మొదలైంది. లైట్లు ఊరికే వెయ్యకూడదు. నీళ్ళు పొదుపుగా వాడాలి. ముద్దగా లేని ఒక గొంతు ఏదో అడిగింది. తరవాత సుత్తి దెబ్బలు.

రేవు నుంచి తడిబట్టలతో వచ్చిన ఇందుమతి గుమ్మంలోనే ఆగింది. "ఏంటా చప్పుడు పిన్నిగారూ?"

"పక్క వాటాలో ఏదో పని చేయించుకుంటున్నారు. నువ్వు స్నానం చెయ్యమ్మా" అన్నారావిడ. కిటికీలో ఫొటో లేదు. వచ్చినవాళ్ళ సందడిలో ఎటో పోయిందని ఇందుమతి దానికోసం కూడా ఏడ్చింది.

ఆరు నెలలూ నిండాక పురోహితుడు వచ్చి తాళం తీశాడు. దీపం పట్టుకుని ముందు సోమిదేవమ్మగారు, వెనక ఇందుమతి వెళ్ళారు. నేల మీద దుమ్ము చెక్కుచెదరకుండా ఉంది, ఒక్క అడుగు ముద్ర లేదు. ఎన్నడూ ఒక్క చిల్లు పడని పేర్రాజుగారి గోడకి కొత్త మేకు. ఆ మేకుకి ఇందుమతి తల్లి ఫొటో, మంచంలో పడుకున్న మనిషికి సరిగ్గా ఎదురుగా పడే ఎత్తులో. అద్దాన్ని ఎవరో రోజూ తుడుస్తున్నట్టు ఉంది.

ఇందుమతి దాన్ని తియ్యబోయింది. సోమిదేవమ్మగారు ఆ చెయ్యి పట్టుకున్నారు.

"ఉండనియ్యమ్మా. మేకు కొట్టుకోనిచ్చారు ఆయన" అన్నారు. అని, భర్త పోయిన రోజుకన్నా ఎక్కువగా ఏడ్చారు.

వాళ్ళిద్దరూ ఆ ఇంట్లో చాలాకాలం ఉన్నారు. కాయితం గడువు అయినప్పుడల్లా మళ్ళీ రాసుకునేవారు, మేకుల షరతు లేకుండా. ఇద్దరూ వెళ్ళిపోయాక ఇల్లు కూల్చి అంతస్తులు లేపారు. నన్ను పాత తలుపులమ్మే దుకాణంలో గోడకి ఆనించారు. ఇక్కడికి వచ్చేవాళ్ళు వేలి కణుపుతో నన్ను కొట్టి చూస్తారు, కర్ర గట్టిదో కాదో తెలుసుకుందామని. కొట్టి చూడండి, టేకే. వెనకాల గోడే కదా, అక్కడెవరూ ఉండరు. అయినా అవతలినుంచి ఎవరైనా తిరిగి రెండుసార్లు తడితే మాత్రం హడలిపోకండి. కుదరదంటే వెళ్ళిపోతారు. ఆయన ఇప్పుడు అడిగే వస్తున్నారు.